కుండీలో మల్లె: కుండీ ఎప్పుడు మార్చాలి, ఎలా మార్చాలి

మల్లె పూసేది కొత్త రెమ్మల మీదే. పాత కొమ్మ ఎంత ఏపుగా ఉన్నా దాని కణుపుల్లోంచి కొత్త చిగురు రాకపోతే మొగ్గ కనిపించదు. నేలలో ఉన్న మల్లెకు ఏటా కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, ఎరువు వేసేది ఇందుకే. కుండీలో ఉన్న మొక్కకు ఇవన్నీ చేస్తూనే వేళ్లకు కూడా కొత్త చోటు చూపించాలి. కత్తిరింపు ఒకప్పుడు, కుండీ మార్పు ఇంకొకప్పుడు చేస్తే మొక్క రెండుసార్లు దెబ్బ తింటుంది, ఆ ఏడు పూత వెనకపడుతుంది. రెండూ ఒకే రోజున కానిచ్చేయడం మేలు.

ఇక్కడ చెప్పేది బొండుమల్లె గురించి. ఒంటిరెక్క మల్లెకూ ఇదే పద్ధతి.

కుండీ ఇరుకైందని ఎలా తెలుస్తుంది

అడుగు చిల్లులోంచి వేళ్లు బయటికి రావడం అందరికీ కనబడే గుర్తు. దానికంటే ముందే కనబడేది నీళ్ల తీరు. పైన పోసిన నీళ్లు మట్టిలో ఇంకకుండా కుండీ అంచు వెంబడి జారి అర నిమిషంలో కిందికి వచ్చేస్తుంటే, లోపల మట్టి తక్కువై వేళ్లు నిండిపోయాయన్నమాట. పొద్దున నీళ్లు పోసినా సాయంత్రానికి ఆకు వాలిపోవడం, ఆకుల సైజు తగ్గడం, నిరుడు గుండ్రంగా వచ్చిన మొగ్గ ఈసారి సన్నగా రావడం కూడా ఇవే సూచనలు. లేత మొక్కకు మొదటి రెండు మూడేళ్లు ఏటా కుండీ మార్చాల్సి రావచ్చు. 14 అంగుళాల కుండీకి చేరిన మొక్కకు రెండు మూడేళ్లకోసారి చాలు. మధ్య ఏళ్లలో పైనున్న రెండు అంగుళాల మట్టి గీకి తీసేసి, మాగిన ఎరువు కలిపిన కొత్త మట్టి వేస్తే సరిపోతుంది.

అదను

డిసెంబరు మూడో వారం నుంచి జనవరి నెలాఖరు దాకా మంచి సమయం. చలికి మొక్క మందగించి ఉంటుంది కాబట్టి వేళ్లు తెగినా పెద్దగా తెలియదు. సంక్రాంతి దాటాక ఎండ ముదిరే కొద్దీ చిగురు తోసుకొస్తుంది. జనవరిలో పని ముగిస్తే మార్చి నెలాఖరుకు, ఏప్రిల్‌కు మొగ్గ మొదలవుతుంది. కోస్తాలో చలి తక్కువ కాబట్టి డిసెంబరు మొదట్లోనే చేసుకోవచ్చు. తెలంగాణలో రాత్రి చలి గట్టిగా ఉన్న రోజుల్లో చేస్తే చిగురు రావడానికి ఎక్కువ రోజులు పడుతుంది. కంగారుపడి నీళ్లు ఎక్కువ పోయకుండా ఉంటే నష్టమేమీ లేదు.

ఈ అదను తప్పితే రెండోది వానలు పడి వాతావరణం చల్లబడ్డాక, జూన్ చివర నుంచి జూలై దాకా. అప్పటికి ప్రధాన పూత అయిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ముట్టుకోవద్దు. మొగ్గ మీదున్న మొక్క, 40 డిగ్రీల ఎండ, తెగిన వేళ్లు, ఈ మూడూ కలిస్తే మొక్క బతకడమే కష్టం. ఎండాకాలంలో కుండీ పగిలిందంటే మట్టిముద్ద చెదరకుండా, వేళ్లు కత్తిరించకుండా అలాగే కొత్త కుండీలోకి దించి నీడలో పెట్టండి. మిగతా పని శీతాకాలానికి ఉంచుకోండి.

ఎంత కుండీ

కొలత నోటి వెడల్పుతో చూడాలి. ఇప్పుడున్న దానికంటే 2 అంగుళాలు పెద్దది తీసుకోండి: 8 నుంచి 10కి, 10 నుంచి 12కి, 12 నుంచి 14కి. మళ్లీ మళ్లీ మార్చే బాధ ఎందుకని చిన్న మొక్కను ఒకేసారి 16 అంగుళాల కుండీలో పెట్టడం చాలామంది చేసే పొరపాటు. వేళ్లు అందుకోలేని మట్టి రోజుల తరబడి తడిగానే ఉండిపోతుంది. తడి మట్టిలో గాలి ఉండదు, గాలి లేని చోట వేరు కుళ్లుతుంది. పైకి మాత్రం ఆకు వాలి, నీళ్లు చాలనట్టే కనిపిస్తుంది. దాంతో ఇంకా నీళ్లు పోస్తారు.

మట్టి కుండీ గోడలోంచి తడి ఆవిరవుతుంది. మల్లె వేరుకు అది హాయి, కాకపోతే వేసవిలో రోజూ నీళ్లు పోయాలి. కొత్త మట్టి కుండీని నాటే ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టాలి. లేకపోతే పొడి కుండీ కొత్త మట్టిలోని తడినంతా లాగేసుకుంటుంది. సిమెంటు కుండీ కొత్తదైతే సున్నం ఊరుతుంది. నీళ్లు నింపి రెండు రోజులు ఉంచి పారబోయడం మూడుసార్లు చేయండి. ప్లాస్టిక్ కుండీ వాడితే లేత రంగుది తీసుకోండి. డాబా మీద నల్ల ప్లాస్టిక్ వేడెక్కి, ఎండ తగిలే వైపు వేళ్లు మాడిపోతాయి. అడుగున వేలు దూరేంత చిల్లులు కనీసం మూడు ఉండాలి. పాత కుండీనే మళ్లీ వాడుతుంటే లోపలి తెల్లటి ఉప్పు పెచ్చును పీచుతో రుద్ది కడిగి ఎండబెట్టండి.

చిల్లు మీద ఒక పెంకు ముక్కను బోర్లించి పెడితే చాలు. అడుగున రెండు మూడు అంగుళాల మందం కంకర పోస్తే నీళ్లు బాగా దిగుతాయన్నది పాతుకుపోయిన నమ్మకం, కానీ జరిగేది దానికి వ్యతిరేకం. సన్నటి మట్టిలోని నీళ్లు అది పూర్తిగా తడిసి ముద్దయ్యేదాకా కింది కంకరలోకి దిగవు. అంటే తడి ముద్ద కంకర పైకి, వేళ్ల దగ్గరికి జరుగుతుంది తప్ప పోదు. పైగా వేళ్లకు దక్కాల్సిన చోటు కంకర తినేస్తుంది.

మట్టి

10 అంగుళాల కుండీ నుంచి 12 అంగుళాల దాంట్లోకి మార్చడానికి 8 లీటర్ల మిశ్రమం కలుపుకుంటే, కుదురుకున్నాక పైన వేయడానికి కూడా కొంచెం మిగులుతుంది. లీటరు మగ్గుతో కొలుచుకోండి:

ఎర్రమట్టి 4 మగ్గులు, మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు 2 మగ్గులు, ముతక ఇసుక 1 మగ్గు, కడిగి పిండిన కొబ్బరిపొట్టు 1 మగ్గు. వీటికి వేపపిండి 50 గ్రాములు, ఎముకల పొడి 50 గ్రాములు.

పశువుల ఎరువు నల్లగా, పొడిపొడిగా, పేడ వాసన లేకుండా ఉండాలి. సగం మాగిన ఎరువు కుండీలో మాగుతూ వేడి పుట్టిస్తుంది, వేరుపురుగును కూడా వెంట తెస్తుంది. చేత్తో పిండితే ముద్దై, వేలితో తాకగానే విడిపోయేది మంచి ఎరువు. కొబ్బరిపొట్టు 650 గ్రాముల ఇటుకను నానబెడితే 8 లీటర్ల దాకా అవుతుంది. ఉప్పు ఉండే అవకాశం ఉంది కాబట్టి రెండుసార్లు నీళ్లు మార్చి పిండాలి.

ఇసుక విషయంలో జాగ్రత్త అవసరం. ఇల్లు కట్టే చోటు నుంచి తెచ్చిన ఇసుకలో సిమెంటు కలిసి ఉంటే మట్టి క్షారమై, ఆకు పాలిపోతుంది. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది. ఇప్పుడు నగరాల్లో ఎక్కువగా దొరికే రోబో ఇసుకలో (రాయిని పిండి కొట్టి చేసేది) రాతి పొడి ఉంటుంది, అది తడిసి ఆరితే గచ్చులా బిగుస్తుంది. బకెట్‌లో వేసి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి వాడితే పనికొస్తుంది.

గుంటూరు, కర్నూలు వైపు నల్లరేగడి తప్ప మరోటి దొరకని చోట కొలతలు మార్చాలి. అది తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చి వేళ్లను తెంపుతుంది. నల్లమట్టి 2 మగ్గులు, ఇసుక 2, ఎరువు 2, కాల్చిన వరి ఊక లేదా కొబ్బరిపొట్టు 2 వేసుకోండి.

నీళ్లు ఆపడం, కొమ్మలు కత్తిరించడం

పనికి వారం, పది రోజుల ముందు నుంచి నీళ్లు తగ్గించండి. ఆకు మెరుపు పోయి కొద్దిగా వాలే దాకా ఆగవచ్చు, కొమ్మ ముడతలు పడే దాకా కాదు. పని ముందురోజు సాయంత్రం మాత్రం ఒకసారి నిండుగా పోయండి. పొడిగా ఉన్న మట్టిముద్ద తీసేటప్పుడు విరిగి లేత వేళ్లను తెంపుకుంటుంది, మరీ బురదగా ఉంటే చేతిలో జారిపోతుంది. ముందురోజు తడిపితే సరిగ్గా ఉంటుంది.

కుండీలోంచి తీసే ముందే పైభాగం కత్తిరిస్తే మొక్క చేతికి వీలుగా ఉంటుంది. ఎండిపోయినవి, ఒకదానికొకటి రాసుకునేవి, కుండీ మధ్యలోకి పెరిగేవి మొదట మొదలుకంటా తీసేయండి. మిగిలిన బలమైన కొమ్మలు ఐదారు ఉంచి, మూరెడు ఎత్తులో, అంటే 18 అంగుళాల దగ్గర, బయటి వైపు చూసే కణుపుకు పావు అంగుళం పైన ఏటవాలుగా కత్తిరించండి. కత్తెర పదునుగా ఉండాలి. మొద్దు కత్తెరతో కొమ్మ నలిగితే ఆ చోటు నుంచి కిందికి ఎండుతూ వస్తుంది.

తర్వాత ఆకు దూయడం. ఆరోగ్యంగా ఉన్న మొక్కకు మిగిలిన ముదురాకులన్నీ తీసేయవచ్చు. కొమ్మను పట్టి బర్రున లాగితే కణుపులోని చిగురు మొలక కూడా ఊడొస్తుంది. ఆకును ఒక్కొక్కటిగా తొడిమ దగ్గర పట్టుకుని పైకి తుంచాలి. మొక్క ముందే నీరసంగా ఉంటే, లేదా మొదటి ఏడాది మొక్క అయితే సగం ఆకు ఉంచండి. దాని దగ్గర వేరే నిల్వ లేదు.

బయటికి తీయడం, వేళ్లు చూడడం

కుండీని పక్కకు పడుకోబెట్టి, చుట్టూ దొర్లిస్తూ అరచేత్తో తట్టండి. మొదలు దగ్గర ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కుండీని వెనక్కి లాగాలి. కొమ్మ పట్టుకుని మొక్కను లాగకూడదు. రాకపోతే పాత కత్తితో కుండీ గోడ వెంబడి చుట్టూ కోసి, అడుగు చిల్లులోంచి కర్రతో నెట్టండి. నోరు చిన్నదై పొట్ట పెద్దదిగా ఉన్న మట్టి కుండీ అయితే ఎంత తట్టినా రాదు. మొక్క ముఖ్యమనుకుంటే కుండీ పగలగొట్టడమే దారి.

మల్లె పాత వేళ్లు మామూలుగానే పసుపు, గోధుమ రంగుల్లో ఉంటాయి. రంగు చూసి కుళ్లిందనుకోవద్దు. వేరును రెండు చేతివేళ్ల మధ్య నలిపి చూడండి: పైతోలు జారిపోయి సన్నటి దారంలాంటిది మిగిలితే అది కుళ్లిన వేరు. గట్టిగా ఉంటే బాగున్నట్టే. కుళ్లినవన్నీ మంచి భాగం తగిలే దాకా కత్తిరించి పారేయండి. తెల్లగా లావుగా, కొడవలిలా వంకర తిరిగిన పురుగులు కనిపిస్తే ఏరేయండి, అవి వేళ్లను కొరికి తింటాయి. వేళ్ల మీద వరుసగా గట్టి బుడిపెలు ఉన్నాయంటే నులిపురుగులు పట్టినట్టు. ఆ వేళ్లు, ఆ మట్టి ఇంకే కుండీలోకీ వెళ్లకూడదు. కొత్త మిశ్రమంలో వేపపిండి 100 గ్రాములకు పెంచండి.

వేళ్లు కుండీ ఆకారంలో గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటే వాటిని అలాగే నాటితే కొత్త మట్టిలోకి పోకుండా లోపలే తిరుగుతూ ఉంటాయి. అడుగు నుంచి అంగుళంన్నర మందం కత్తితో అడ్డంగా కోసేయండి. పక్కల నాలుగు చోట్ల పైనుంచి కిందికి అంగుళం లోతు గాటు పెట్టండి. తర్వాత చేతివేళ్లతోనో, పుల్లతోనో పైపొర మట్టిని వదులు చేసి వేళ్ల చివర్లను బయటికి లాగండి. మొత్తం మీద మూడో వంతు మించి తీయకూడదు. పైనున్న రెండు అంగుళాల పాత మట్టిని మాత్రం తప్పకుండా గీకి పారేయండి. మొగ్గలను ఊదారంగుకు తిప్పి రాలగొట్టే మొగ్గ ఈగ పిల్లలు పెరిగి, మట్టిలోకి దిగి అక్కడే గూడు కడతాయి. ఆ మట్టి పోతే వచ్చే పూతకు బెడద చాలా తగ్గుతుంది.

కుండీ పెంచే చోటు లేక అదే కుండీలో తిరిగి నాటాలన్నా ఇదే పద్ధతి. అడుగున రెండు అంగుళాలు, చుట్టూ అంగుళం చొప్పున తగ్గించి, ఖాళీని కొత్త మట్టితో నింపాలి. వేళ్లు తగ్గించినంత మేర కొమ్మలూ తగ్గించడం ఇక్కడ ఇంకా ముఖ్యం.

నర్సరీ నుంచి తెచ్చిన కవరు మొక్క అయితే

కడియం వైపు నర్సరీల నుంచి వచ్చే మొక్కల అడుగున తరచూ బంకమట్టి ముద్ద ఉంటుంది. లారీలో దూరం వెళ్లేటప్పుడు ముద్ద విడిపోకుండా ఉండటానికి ఆ మట్టి అవసరమే. దాన్ని కవరు చింపి అలాగే గుల్ల మట్టిలో నాటితే మాత్రం నీళ్లు గుల్ల మట్టిలోంచి దిగిపోతాయి, బంకముద్ద లోపల పొడిగా గట్టిపడుతుంది. కుండీ తడిగా ఉన్నా మొక్క దాహంతో ఎండిపోతుంది. కొత్త మల్లె మొక్క తెచ్చిన నెలలోపే పోయిందనే వాళ్లలో చాలామందికి జరిగేది ఇదే.

కవరు చింపి, మట్టిముద్దను బకెట్ నీళ్లలో 15 నుంచి 20 నిమిషాలు మునిగేలా ఉంచండి. బుడగలు రావడం ఆగితే లోపలి దాకా తడిసినట్టు. అప్పుడు బయటి మట్టిని మూడో వంతు మెల్లగా చేతివేళ్లతో జారవిడిచి, మిగిలిన ముద్దతో నాటండి. మొత్తం కడిగేస్తే సన్నటి వేళ్లు తెగిపోతాయి. తెచ్చిన రోజే నాటకుండా వారం రోజులు మీ ఇంటి వెలుతురుకు అలవాటు పడనివ్వండి. మొగ్గలు ఉన్న మొక్క అయితే ఆ మొగ్గలు రాలిపోవడం మామూలే.

నాటడం

చిల్లుల మీద పెంకు ముక్కలు పెట్టి, మిశ్రమం రెండు మూడు అంగుళాలు పోయండి. మొక్కను పెట్టి ఎత్తు చూసుకోండి. పాత కుండీలో మట్టి మొదలుకు ఎక్కడిదాకా ఉండేదో ఇక్కడా అక్కడిదాకే ఉండాలి. కుండీ అంచుకు, మట్టికి మధ్య అంగుళంన్నర ఖాళీ వదలాలి. లేకపోతే నీళ్లు నిలవకుండా పొర్లి మట్టిని కూడా తీసుకుపోతాయి. మొదలు లోతుగా కప్పితే తడికి బెరడు నల్లబడి కుళ్లుతుంది. మొక్క ఊగుతోందని మట్టి ఎగదోయకుండా, ఒక పుల్ల పాతి వదులుగా కట్టండి.

చుట్టూ మట్టిని కొంచెం కొంచెంగా వేస్తూ పెన్సిలంత పుల్లతో గుచ్చుతూ ఉంటే వేళ్ల సందుల్లోకి దిగుతుంది. గాలి సందులు మిగిలితే అక్కడి వేళ్లు ఎండిపోతాయి, చీమలు గూడు పెడతాయి. అరచేత్తో అదిమి గట్టి చేయొద్దు, రెండు వేళ్లతో నొక్కితే చాలు. ఆ తర్వాత సన్నటి ధారతో, కింది చిల్లుల్లోంచి కారేదాకా నీళ్లు పోయండి. పది నిమిషాలాగి మళ్లీ పోయండి. మట్టి కుంగిన చోట మిగిలిన మిశ్రమం వేయండి. పళ్లెంలో చేరిన నీళ్లు పారబోయాలి.

మొదటి నెల

ఈ నెలలో మొక్కను చంపేది ఎక్కువగా నీళ్లే. ఆకు లేని మొక్క నీళ్లు పెద్దగా తాగదు. వేలు మొదటి కణుపు దాకా మట్టిలో గుచ్చి, పొడిగా తగిలితేనే పోయండి. జనవరిలో అది నాలుగైదు రోజులకోసారి కావచ్చు. మొదటి వారం, పది రోజులు వెలుతురున్న నీడలో ఉంచి, తర్వాత వారం పొద్దుటి నీరెండ రెండు మూడు గంటలు చూపించి, ఆపైన పూర్తి ఎండలోకి మార్చండి. మల్లె పూయాలంటే రోజుకు ఐదారు గంటల నేరుగా పడే ఎండ కావాలి. ఉత్తరం వైపు బాల్కనీలో, గదిలో కిటికీ పక్కన మంచి మట్టి వేసినా, కుండీ మార్చినా ఆకు వస్తుంది, పువ్వు రాదు. అలాంటి చోట ఆంథూరియంలాంటిది పెట్టుకోవడం నయం.

ఎరువు అప్పుడే వద్దు. తెగిన వేళ్లకు రసాయన ఎరువు ఉప్పులా మంట పుట్టిస్తుంది. చిగుర్లు రెండు అంగుళాలు సాగాక, సుమారు నాలుగు వారాలకు, వేరుశనగ చెక్క 100 గ్రాములు లీటరు నీళ్లలో మూడు రోజులు నానబెట్టి, దానికి పది రెట్లు నీళ్లు కలిపి కుండీకి లీటరు చొప్పున పోయండి. 15 రోజులకోసారి చాలు. చెక్క నీళ్లు మరీ తరచుగా పోస్తే తీగ సాగి ఆకు మందమవుతుంది, మొగ్గ తగ్గుతుంది. చిగురు నాలుగైదు జతల ఆకులు వేసి ఇంకా సాగుతూనే ఉంటే కొస గిల్లండి. పక్కల రెండు రెమ్మలు వచ్చి రెండింటికీ మొగ్గ పడుతుంది.

తేడా వస్తే

కుండీ మార్చిన రెండో రోజు ఆకు వాలితే మట్టి తాకి చూడండి. మట్టి తడిగా ఉండి, రాత్రికి ఆకు లేస్తే భయం లేదు. తెల్లవారినా లేవకపోతే లోపలి ముద్ద తడవలేదేమో చూడాలి. కుండీతో సహా బకెట్‌లో అంచుకు కొంచెం తక్కువ దాకా నీళ్లలో అరగంట పెట్టి తీయండి. మట్టి నుంచి కుళ్లు వాసన వస్తే దానికి విరుద్ధంగా, మళ్లీ బయటికి తీసి కుళ్లిన వేళ్లు కోసి, ఇసుక ఎక్కువ కలిపిన మట్టిలో చిన్న కుండీలో నాటాలి. చిన్న కుండీకి వెళ్లడం నామోషీ కాదు, అప్పుడు దాన్ని బతికించేది అదే.

నెలన్నర దాటినా చిగురు రాకపోతే కొమ్మ బెరడును గోరుతో కొద్దిగా గీకండి. లోపల పచ్చగా ఉంటే ఓపిక పట్టండి. గోధుమ రంగులో పొడిగా ఉంటే పచ్చదనం తగిలే దాకా కిందికి కోసుకుంటూ రండి.

కొత్తాకు పసుపు రంగుకు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. బోరు నీళ్లు గట్టిగా ఉన్న చోట, సిమెంటు కుండీల్లో ఇది ఎక్కువ. మట్టిలో ఇనుము ఉన్నా క్షారగుణం వల్ల వేరుకు అందదు. లీటరు నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము కలిపి సాయంత్రం పూట ఆకులు తడిసేలా చల్లండి. వారం తేడాతో రెండు మూడుసార్లు చల్లితే కొత్తగా వచ్చే ఆకు పచ్చగా వస్తుంది. పట్టి పెట్టిన వాన నీళ్లుంటే మల్లెకు వాడటం ఇంకా మంచిది.

వేసవి ముదిరాక ఆకు మీద సన్నటి తెల్లచుక్కలు, అడుగున సాలెగూడులాంటి పొర కనిపిస్తే ఎర్రనల్లి. పైపుతో ఆకు అడుగున నీళ్లు గట్టిగా కొట్టండి, మూడు రోజులకోసారి. తగ్గకపోతే లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి సాయంత్రం చల్లండి. మొగ్గలు ఊదారంగుకు తిరిగితే అవి రాలే దాకా ఆగకుండా రోజూ కోసి, మట్టిలో పడనీయకుండా కవరులో కట్టి పారేయండి.

పాత మట్టి

తీసిన పాత మట్టినంతా పారేయక్కర్లేదు. పైనుంచి గీకిన రెండు అంగుళాల మట్టి, నులిపురుగు బుడిపెలు, వేరుకుళ్లు కనిపించినవి మినహా మిగతాది వేళ్లు ఏరేసి, డాబా మీద పల్చగా పరిచి రెండు వారాలు ఎండనివ్వండి. రెండు వంతుల మట్టికి ఒక వంతు ఎరువు కలిపితే పాలకూర, తోటకూరకు బాగా పనికొస్తుంది. మల్లెకు మాత్రం మళ్లీ ఆ మట్టి వేయొద్దు. కత్తిరించిన కొమ్మల్లో పెన్సిలంత లావున్నవి చూసి పారేయబుద్ధి కాదు, కానీ చలిలో అవి వేళ్లు పట్టేది తక్కువ. కొమ్మ నాటాలంటే వానాకాలంలో, మూడు కణుపులున్న జానెడు ముక్క తీసుకోండి.